ఫ్యాన్ లేని ల్యాప్‌టాప్, గాలి లేని చోట దీపం



ఈ వారం వీడియోలో మౌనం గురించి మాట్లాడుకున్నాం కదా. అందులో టైమ్ సరిపోక వదిలేసిన మాట ఒకటి ఉంది. అది కొంచెం నా సొంత విషయం కూడా. కెమెరా ముందు చెప్పడానికి మొహమాటం వేసింది, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మొదలైంది ఒక ల్యాప్‌టాప్ దగ్గర. నవ్వకండి, నిజంగానే.

మన వీడియోల ఆడియో అంతా నేను ఇంట్లోనే రికార్డ్ చేస్తాను. స్టూడియో అంటూ ఏమీ లేదు. కూకట్‌పల్లిలో మా ఫ్లాట్‌లో ఒక బెడ్‌రూమ్, తలుపుకి ఒక దుప్పటి, రాత్రి పదకొండు దాటాక వీధి కాస్త సద్దుమణిగితే అదే స్టూడియో. అప్పట్లో వాడిన పాత ల్యాప్‌టాప్‌కి ఒక అలవాటు ఉండేది. స్తోత్రం సగంలోకి వచ్చేసరికి దాని ఫ్యాన్ అందుకునేది. మొదట సన్నగా, తర్వాత మిక్సీలాగా. మైక్ ఆ చప్పుడంతా పట్టేసేది. సీలింగ్ ఫ్యాన్ ఆపి, ఏసీ ఆపి, చెమటలు కక్కుతూ చదివితే చివరికి దీని గోల! ఒక రోజు అమ్మ తలుపు తీసి చూసి, "దానికేమైనా ఆయాసం వచ్చిందేంట్రా?" అని అడిగింది. అప్పుడే అనుకున్నాను, ఇక మార్చాల్సిందే అని.

అలా ఫ్యాన్ లేని ల్యాప్‌టాప్ ఇంటికి వచ్చింది. మొదటి రాత్రి దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే వింతగా అనిపించింది. పని జరుగుతోంది, చప్పుడు లేదు. చెవి దగ్గర పెట్టుకుని విన్నాను కూడా. ఏమీ లేదు. ఆ రోజు రికార్డింగ్‌లో నా ఊపిరి నాకే వినిపించింది. వాడిన వాళ్లకి తెలుస్తుంది, అదొక రకమైన ఆనందం. పక్కన ఒకరు అస్తమానం గొణుగుతూ ఉండి, ఉన్నట్టుండి ఆపేస్తే ఎలా ఉంటుందో అలా.

ఈ ఆకర్షణ దేనికి అని ఆలోచించాను. చప్పుడు లేదని మాత్రమే కాదు. కంగారు లేకుండా పని చేసేవాళ్లంటే మనకి గౌరవం. పది మంది భోజనాలకి వస్తున్నా చేతి గాజులు కూడా గట్టిగా మోగకుండా వండేసే అమ్మమ్మలు ఉంటారు. పెళ్లిలో అందరూ అరుచుకుంటుంటే మూల నిలబడి అన్నీ సర్దేసే మేనమామ ఒకరుంటారు. వాళ్లని చూస్తే ఎలా అనిపిస్తుందో, ఈ ల్యాప్‌టాప్‌ని చూస్తే అలా అనిపించింది. ఆఫీసులో డెడ్‌లైన్ అనగానే ఫ్యాన్‌లా మోగే నాకు అదొక ఆదర్శంలా కనిపించింది.

అసలు ఇది ఎలా పని చేస్తుందో కొంచెం చూద్దాం. ఎందుకంటే మన ప్రశ్న అందులోనే ఉంది.

కంప్యూటర్ చిప్‌లోకి వెళ్లే కరెంటు దాదాపు అంతా చివరికి వేడిగానే బయటికి రావాలి. ఆ వేడిని వదిలించుకోవడానికి రెండు దారులు. ఒకటి, ఫ్యాన్ పెట్టి బయటికి ఊదేయడం. రెండోది, అసలు వేడే తక్కువ పుట్టేలా చూసుకుని, పుట్టిన కాస్తనీ ఒంటి మీదుగా మెల్లగా గాలిలోకి వదలడం. ఫ్యాన్ లేని ల్యాప్‌టాప్ చేసేది రెండోది. దాని అల్యూమినియం ఒళ్లే దానికి ఫ్యాన్. ఆపిల్ 2015లో తెచ్చిన 12 అంగుళాల మాక్‌బుక్‌లో ఫ్యాన్ లేదు. 2020 నవంబర్‌లో ఎమ్ వన్ చిప్‌తో వచ్చిన మాక్‌బుక్ ఎయిర్‌లోనూ లేదు. ఫ్యాన్ లేకపోయినా వేగంగా పని చేయొచ్చని మామూలు జనానికి నమ్మకం కుదిరింది దీనితోనే అని చెప్పాలి.

ఇందులో ఒక లెక్క నాకు బాగా నచ్చింది. చిప్ పని చేసేటప్పుడు ఖర్చయ్యే పవర్ దాని వేగాన్ని బట్టి పెరుగుతుంది, వోల్టేజ్‌కి వర్గాన్ని బట్టి కూడా పెరుగుతుంది. వేగం 20 శాతం తగ్గించి, దానికి తగ్గట్టు వోల్టేజ్ కూడా 20 శాతం తగ్గించగలిగితే, 0.8 ని మూడు సార్లు గుణించండి. 0.512 వస్తుంది. అంటే వేగంలో పోయింది అయిదో వంతు, వేడిలో తగ్గింది దాదాపు సగం. చివరి కొంచెం వేగం కోసం మనం ఎంత ఒత్తిడి తెచ్చుకుంటామో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది. ఆదివారం రాత్రి పన్నెండు దాకా కూర్చుని చేసిన ఆ చివరి పని ఎంత, దాని కోసం ఇంట్లో వాళ్ల మీద చూపించిన చిరాకు ఎంత? లెక్క వేసుకోండి.

ఇక్కడితో ఆపేస్తే మంచి పోస్ట్ అయ్యేది. "ఫ్యాన్ లేని ల్యాప్‌టాప్‌లా ప్రశాంతంగా ఉండండి, శుభం" అని ముగించి ఉండేవాణ్ణి. నిజం చెప్పాలంటే ఏడాది క్రితం అయితే అలాగే రాసేవాణ్ణి.

కానీ మే నెల వచ్చింది.

మధ్యాహ్నం కరెంటు లేదు, ఏసీ లేదు. రెండు గంటల వీడియో ఎక్స్‌పోర్ట్ పెట్టాను. చాలా కంపెనీలు ల్యాప్‌టాప్‌ని 35 డిగ్రీలు దాటని చోట వాడమని రాస్తాయి. మేలో మన గదులు వాటి మాట ఎక్కడ వింటాయి? అరగంట తర్వాత చూస్తే ఎక్స్‌పోర్ట్ నత్తనడక నడుస్తోంది. చప్పుడు మాత్రం లేదు. ఎప్పటిలాగే నిశ్శబ్దం. ఏమైందా అని కీబోర్డ్ పైభాగం మీద చెయ్యి పెట్టాను. చురుక్కుమంది. వెంటనే తీసేశాను.

ఇది పాడైపోవడం కాదు. అది అలా చేయడానికే తయారైంది. వేడి హద్దు దాటుతోంటే చిప్ తన వేగాన్ని తనే తగ్గించుకుంటుంది. త్రాటిలింగ్ అంటారు. 2020లో అదే ఎమ్ వన్ చిప్‌ని ఆపిల్ ఫ్యాన్ ఉన్న 13 అంగుళాల మాక్‌బుక్ ప్రోలో కూడా పెట్టింది. చిన్న చిన్న పనుల్లో రెండిటికీ పెద్ద తేడా తెలియదు. గంటల తరబడి బరువు మోయాల్సి వచ్చినప్పుడే తేడా బయటపడుతుంది. ఫ్యాన్ ఉన్నది మోగుతూ నడుస్తుంది, లేనిది మోగకుండా నెమ్మదిస్తుంది.

ఆ రోజు నాకు అర్థమైంది ఇది: సైలెంట్‌గా ఉండటం వేరు, చల్లగా ఉండటం వేరు. ఇన్నాళ్లూ రెండూ ఒకటే అనుకున్నాను.

ఇప్పుడు ఆ సొంత విషయం.

మా నాన్నగారు రిటైరయ్యారు. ఫోన్‌లో ఏది చేయాలన్నా నన్నే అడుగుతారు. ఒకటే సంగతి నాలుగు సార్లు, అయిదు సార్లు. "ఈ ఓటీపీ ఎక్కడ కొట్టాలి రా?" "ఇందాక చెప్పావు గానీ, ఇంకోసారి చెప్పు." నేను ఎప్పుడూ అరవలేదు. ఆ విషయంలో నాకు గర్వంగా కూడా ఉండేది. మా ఫ్రెండ్స్ ఇళ్లల్లో ఎలా విసుక్కుంటారో నాకు తెలుసు. నేను అలా కాదు. రెండోసారి అడిగితే చెప్తాను, మూడోసారి అడిగితే ఏమీ మాట్లాడను. ఫోన్ చేతిలోంచి తీసుకుని, పని చేసేసి, మళ్లీ చేతిలో పెట్టేస్తాను. ఒక్క మాట ఉండదు. అది మౌనం అనుకున్నాను. సాధన అని కూడా అనుకున్నానేమో.

ఆ మేలోనే ఒక రోజు నాన్న పొద్దున్నే బస్సెక్కి కంటి డాక్టరు దగ్గరికి వెళ్లి, మధ్యాహ్నం రెండింటికి ఎండలో తిరిగి వచ్చారు. ఆన్‌లైన్‌లో స్లాట్ తీసుకుంటే గానీ చూడరని అక్కడికి వెళ్లాక చెప్పారట. చొక్కా తడిసిపోయి ఉంది. సోఫాలో కూలబడి మంచినీళ్లు అడిగారు. "నాకు చెప్తే రెండు నిమిషాల్లో బుక్ చేసేవాణ్ణి కదా నాన్నా" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, అంతే.

అమ్మ వంటింట్లోకి పిలిచి మెల్లగా చెప్పింది. "ఆయనకి స్లాట్ సంగతి ముందే తెలుసు. నిన్ను అడగడానికి మొహమాటపడ్డారు. నువ్వు అరిచినా బాగుండేదిరా. అరిస్తే ఎప్పుడు ఆగుతావో తెలుస్తుంది. నువ్వలా నోరు మూసుకుంటే, లోపల ఎంత మండుతున్నావో ఆయనకేం తెలుస్తుంది?"

ఆ రోజంతా నాకు అన్నం సహించలేదు.

పాత ల్యాప్‌టాప్ ఫ్యాన్‌లో ఒక నిజాయితీ ఉండేది. వేడెక్కితే మోగేది. పక్కవాళ్లకి తెలిసేది. "కాసేపు ఆపు" అని మనమే అనుకునేవాళ్లం. నాకు ఆ ఫ్యాన్ లేదు, కానీ వేడి ఉంది. చెయ్యి పెట్టిన వాళ్లకి చురుక్కుమనేది. ఆ చెయ్యి నాన్నది.

ఆ తర్వాత గీత మళ్లీ తెరిచాను. పదిహేడో అధ్యాయంలో తపస్సుని శరీరంతో చేసేది, మాటతో చేసేది, మనసుతో చేసేది అని మూడుగా చెబుతారు. ఇన్నిసార్లు చదివినా నేను గమనించనిది ఒకటి ఉంది. మౌనం ఎందులో ఉందో చెప్పండి. మాట తపస్సులో ఉంటుందనుకుంటాం కదా. లేదు! అది మనసు తపస్సులో ఉంది. మనసు ప్రసన్నంగా ఉండటం, సౌమ్యంగా ఉండటం, వాటి పక్కనే మౌనం. మరి మాట తపస్సులో ఏముంది? ఎదుటివాళ్లని కలవరపెట్టకుండా, నిజంగా, ప్రియంగా, మేలు చేసేలా మాట్లాడటం ఉంది. అంటే నోటి విషయంలో భగవంతుడు మనల్ని అడిగింది మంచిగా మాట్లాడమని. మౌనం అడిగింది మనసుని.

నేను సరిగ్గా తలకిందులుగా చేశాను. నోటికి మౌనం ఇచ్చాను, మనసుని అరవనిచ్చాను. మూడో అధ్యాయంలో ఇలాంటి వాళ్ల గురించి ఒక గట్టి మాట ఉంది. చేతులూ కాళ్లూ నోరూ కట్టేసుకుని, మనసులో మాత్రం వాటి విషయాలనే తిప్పుకుంటూ కూర్చునేవాణ్ణి మిథ్యాచారుడు అన్నారు. చదివినప్పుడల్లా అది ఎవరో దొంగ స్వాముల గురించి అనుకునేవాణ్ణి. నా గురించి కూడా అని ఇప్పుడు తెలిసింది.

మీలో కొంతమందికి ఒక సందేహం వస్తుంది. "మరి మనసు చల్లబడేదాకా అరుస్తూ ఉండాలా? లోపల వేడి ఉన్నా బయటికి చూపించకుండా ఉండటం మంచిదే కదా?" న్యాయమైన ప్రశ్నే. అరవకపోవడం మంచిదే. కోపంలో మాట తూలకుండా ఆపుకున్నవాడు ఏదో ఒకటి సాధించినట్టే. హాలాహలం వచ్చినప్పుడు శివుడు దాన్ని లోకం మీదకి ఉమ్మలేదు, కంఠంలో నిలిపాడు. కానీ ఆ తర్వాత మన వాళ్లు ఏం చేస్తున్నారో చూడండి. ఎండాకాలంలో శివాలయానికి వెళ్తే లింగం మీద ధారపాత్ర వేలాడుతూ ఉంటుంది. చుక్క చుక్కగా నీళ్లు పడుతూనే ఉంటాయి. లోపల వేడి ఉందని భక్తులకి తెలుసు, ఆయన దాచలేదు. ఆ నీలకంఠం అందరికీ కనిపిస్తూనే ఉంది. ఆపుకోవడం మొదటి మెట్టు. ఆపుకుని, చల్లబడే దారి వెతుక్కోకుండా, "నేను ప్రశాంతంగా ఉన్నాను" అని మనల్ని మనమే నమ్మించుకోవడం దగ్గర వస్తుంది చిక్కు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఇది నన్ను ఇంకా ఎక్కువ కుదిపింది.

నా ల్యాప్‌టాప్ చల్లగా ఉండటానికి ఒక కారణం, బరువైన పనుల్లో చాలా వరకు దాని మీద జరగవు. ఫోటోలు క్లౌడ్‌లో ఉంటాయి. సబ్‌టైటిల్స్ ఏదో సర్వర్ తయారు చేస్తుంది. ఏఐని ఒక ప్రశ్న అడిగితే సమాధానం ఎక్కడో డేటా సెంటర్‌లో తయారై వస్తుంది. ఆ డేటా సెంటర్లు మరీ దూరంలో కూడా లేవు. అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2022 నవంబర్‌లో హైదరాబాద్ రీజియన్ మొదలుపెట్టింది. అక్కడ వరసలు వరసలుగా సర్వర్లు, వాటిని చల్లబరచడానికి రాత్రీ పగలూ తిరిగే కూలింగ్ యంత్రాలు. అంటే ఫ్యాన్ లేకపోలేదు. నా గదిలో లేదు, అంతే. నా వేడిని ఇంకో చోట ఇంకోటి మోస్తోంది.

అది తట్టిన రాత్రి నాకు మా ఇల్లు వేరేలా కనిపించింది. నేను ప్రశాంతంగా ఉన్నానంటే నా బదులు ఎవరి ఫ్యాన్ తిరుగుతోంది? నాన్న ప్రశ్నల్లో సగం అమ్మ మధ్యలోనే పట్టుకునేది. "వాడు మీటింగ్‌లో ఉన్నాడు, తర్వాత అడుగుదురు గానీ" అని ఆయనకి సర్దిచెప్పేది. గ్యాస్ బుకింగ్, కరెంటు బిల్లు, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ గొడవలు, చుట్టాల అలకలు అన్నీ ఆవిడ దగ్గరే ఆగిపోయేవి. అప్పుడప్పుడు ఆవిడ గొంతు పెద్దదయ్యేది. "అమ్మా, ఎందుకంత టెన్షన్? కూల్‌గా ఉండొచ్చు కదా" అని నేనే సలహా ఇచ్చేవాణ్ణి! రోజూ పొద్దున ఇరవై నిమిషాలు ధ్యానం చేసుకునే నేను, ఆ ఇరవై నిమిషాలు నిశ్శబ్దంగా ఉండటానికి కుక్కర్ విజిల్ రాకముందే స్టవ్ దగ్గరికి పరిగెత్తే ఆవిడకి!

అందుకే ఎవరైనా గట్టిగా మాట్లాడుతున్నారని, చిరాకు పడుతున్నారని వెంటనే తక్కువ చేసి చూడకండి. వాళ్లు మోస్తున్న బరువు ఎంతో, అందులో మనది ఎంతో ముందు చూసుకోవాలి. కొన్ని పనులు ఫ్యాన్ లేకుండా జరగవు. గీత పుట్టిన చోటు కూడా నిశ్శబ్దమైన చోటు కాదు. మొదటి అధ్యాయంలో శంఖాల మోత ఉంది. శ్రీకృష్ణుడే పాంచజన్యం ఊదాడు. అంత చప్పుడు మధ్యలో కూర్చోబెట్టి శాంతి గురించి చెప్పాడంటే, శాంతికి చప్పుడు శత్రువు కాదనే కదా అర్థం.

మరి ఏం చేయాలి?

ఆరో అధ్యాయంలో యోగి మనసుని గాలి లేని చోట పెట్టిన దీపంతో పోల్చారు. ఫ్యాన్ లేని ల్యాప్‌టాప్ కొన్న కొత్తలో ఈ పోలిక గుర్తొచ్చి తెగ సంతోషపడ్డాను. గాలి లేదు, ఫ్యాన్ లేదు, సరిపోయింది అనుకున్నాను. కానీ ఒక్కసారి మన దేవుడి గదిలో దీపాన్ని చూడండి. అది కదలదు, నిజమే. కానీ చల్లగా ఉంటుందా? వేలు పెట్టి చూడండి! అది మండుతూనే ఉంది. నూనె కరుగుతూనే ఉంది. గదికి వెలుగు వస్తూనే ఉంది. పని మానేసి తెచ్చుకున్న నిశ్చలత కాదు అది. మండుతుంది గానీ అల్లాడదు. ఆ మంట ఎవరినీ కాల్చడానికి కాదు, అక్కడున్నవాళ్లకి కనిపించడానికి. నా మౌనంలో వేడి ఉంది గానీ వెలుగు లేదు. తేడా అక్కడే ఉంది.

నేను మార్చుకున్నవి పెద్ద విషయాలేం కావు. రెండే.

ఒకటి, వేడి పుట్టే చోటే తగ్గించుకోవడం. ఇందాకటి లెక్క గుర్తుందా? వేగం అయిదో వంతు తగ్గితే వేడి సగం తగ్గుతుంది. వారానికి రెండు వీడియోలు ఇచ్చేవాళ్లం, ఇప్పుడు ఒకటే ఇస్తున్నామని మీలో కొందరు గమనించే ఉంటారు. కారణం ఇదే. రెండోది, లోపల వేడిగా ఉన్నప్పుడు నోరు మూసుకోకుండా ఆ మాటే చెప్పడం. "నాన్నా, ఇప్పుడు తల వేడిగా ఉంది, పది నిమిషాలాగి కూర్చుందాం" అని. చెప్పడం మొదట్లో భలే కష్టంగా ఉండేది. చిన్నతనంగా అనిపించేది. కానీ ఆ ఒక్క మాటతో ఆయనకి రెండు విషయాలు తెలుస్తున్నాయి: కోపం తన మీద కాదని, పది నిమిషాల తర్వాత నేను వస్తానని.

పది నిమిషాల తర్వాత నిజంగా వెళ్లాలి, అది మర్చిపోకూడదు. మొదటి వారంలో రెండు సార్లు మర్చిపోయాను.

మీ ఇంట్లో అందరూ మిమ్మల్ని చాలా కూల్ అని అంటారా? అయితే ఈ వారం ఒక చిన్న పరీక్ష చేసుకోండి. ఎవరి దగ్గర మీరు ఎక్కువగా మౌనంగా ఉంటారో వాళ్ల దగ్గరికి వెళ్లి, "నన్ను ఏదైనా అడగడానికి మొహమాటపడుతున్నావా?" అని అడగండి. వెంటనే సమాధానం రాకపోవచ్చు. వాళ్ల ముఖం చూడండి, చాలు.

మొన్న శనివారం నాన్న పక్కన కూర్చుని కంటి డాక్టరు స్లాట్ ఆయన చేతే బుక్ చేయించాను. నలభై నిమిషాలు పట్టింది. ఓటీపీ మూడు సార్లు ఎక్స్‌పైర్ అయింది. మూడోసారికి నాకు లోపల కొంచెం సెగ తగిలింది, అబద్ధం చెప్పను. "నాన్నా, ఒక్క నిమిషం" అని లేచి, మంచినీళ్లు తాగి వచ్చాను. ఆయన నా వైపు చూసి, "వేడెక్కావా?" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం. నాలుగో ఓటీపీకి స్లాట్ దొరికింది.

వచ్చే వారం మళ్లీ కలుద్దాం. ఈ వారం ఒక వీడియోనే, ముందే చెప్పేస్తున్నాను.

శుభం.